కూర్చున్నవాడే మనిషి

హిమబిందు, నలభై ఎనిమిదేళ్లు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎప్పుడూ ఖాళీ చేతుల్తో వెళ్లదు. హాల్లోంచి వంటింట్లోకి వెళ్తే ఎంగిలి కప్పులు, వంటింట్లోంచి బాల్కనీలోకి వెళ్తే తడిగుడ్డలు, బాల్కనీలోంచి పడగ్గదిలోకి వెళ్తే ఆరిన బట్టలు. ఆ మంగళవారం చెత్త సంచి పట్టుకుని కిందికి దిగింది. కొత్తిమీర కట్ట కొనుక్కుని పైకి వచ్చేసరికి ఫ్లాటు తలుపు దానంతటదే తాళం పడి ఉంది. లోపల ఫ్యాను ఆగింది, ఏసీ ఆగింది, లైట్లు ఆరాయి. తెరలు వేసిన ఆ చీకటి గదిలో ఆమె భర్త నందకిశోర్ కుర్చీలో కూర్చునే అరుస్తున్నాడు.

గుమ్మం పక్కన గోడకున్న చిన్న స్క్రీన్ మీద ఒక మాట వెలుగుతోంది: ఇంట్లో ఎవరూ లేరు.

హిమబిందు వేలిముద్ర వేసింది. తలుపు తెరుచుకుంది. ఆమె లోపల అడుగు పెట్టగానే లైట్లు వెలిగాయి, ఫ్యాను తిరిగింది.

"ఎక్కడ చచ్చావే? మీటింగు మధ్యలో కట్ అయిపోయింది!"

"కొత్తిమీరకి వెళ్లానండీ."

"నువ్వు కొత్తిమీరకి వెళ్తే నాకెందుకు కట్ అవ్వాలి?"

నందకిశోర్ జీవితంలో అడిగిన మంచి ప్రశ్నల్లో ఇదొకటి. దీనికి జవాబు చెప్పాలంటే గాలి గురించి కొంచెం చెప్పాలి.

మొబైల్ నెట్‌వర్క్ నడిచేది రేడియో తరంగాల మీద. ప్రభుత్వాలు ఆ తరంగాలను ఫ్రీక్వెన్సీని బట్టి బ్యాండ్లుగా విడగొట్టి, కంపెనీలకు వేలం వేస్తాయి. ఎవరి సొంతమూ కానిదాన్ని ముక్కలు చేసి అమ్మడం మనకు కొత్త కాదు కాబట్టి అది అలా ఉంచుదాం. కింది బ్యాండ్ల తరంగాలు దూరం పోతాయి, గోడలు దాటుతాయి, కానీ ఎక్కువ డేటా మోయలేవు. పై బ్యాండ్లవి ఎంత డేటా అయినా మోస్తాయి, కానీ అరచెయ్యి అడ్డుపెడితే ఆగిపోతాయి. మన ఒంట్లో సగానికి పైగా నీళ్లే. ఆ నీళ్లు ఈ తరంగాలను మింగేస్తాయి.

కింది బ్యాండ్లన్నీ పాత తరాల నెట్‌వర్క్‌లు ఎప్పుడో ఆక్రమించేశాయి. అందుకని కొత్త తరం వాళ్లు సబ్-టెరాహెర్ట్జ్ అనే పై బ్యాండుకు ఎగబాకారు. విశాఖలో ప్రతి ఫ్లాటులోనూ, ప్రతి గది పైకప్పుకూ కొబ్బరిచిప్పంత యాంటెన్నా వచ్చింది. మనుషులు అడ్డొస్తే సిగ్నల్ ఆగిపోతుంది గనక, మనుషులు ఎక్కడున్నారో నెట్‌వర్క్‌కు ముందే తెలియాలి. అది తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కర్లేదు. వెళ్లిన తరంగం దేనికి తగిలి ఎలా తిరిగొచ్చిందో చూస్తే చాలు. ఇది గోడ, ఇది మంచం, ఇది మనిషి అని లెక్క తేలుతుంది. బ్యాండు ఖరీదైనది కాబట్టి కంపెనీ దాన్ని బీరువాల మీద పారబోయదు. ఇంట్లో ఒక్క మనిషి కనబడినా ఇల్లంతటికీ బ్యాండు తెరిచి ఉంచుతుంది. ఎవరూ లేకపోతే మూసేస్తుంది. కరెంటు, తాళం కూడా ఆ లెక్కకే తగిలించారు, పొదుపని.

ఈ లెక్కతోపాటు ఉచితంగా ఒక యాప్ వచ్చింది. పేరు ఇంటిచూపు. కనెక్షన్ ఎవరి పేరు మీదుంటే వాళ్లకు ఇంటి బొమ్మ, అందులో ఒక్కో మనిషికి ఒక్కో పచ్చ చుక్క కనబడతాయి. ముసలివాళ్లు జారి పడితే వెంటనే తెలుస్తుందని కంపెనీ ప్రకటనలు వేసింది. కనెక్షన్లు మగవాళ్ల పేరు మీద ఉన్నాయి. ముసలివాళ్ల కోసం దాన్ని చూసినవాళ్లు ఉండే ఉంటారు. మిగతావాళ్లు దేనికి చూశారో వాళ్ల భార్యలను అడగండి.

నందకిశోర్ ఇన్సూరెన్స్ క్లెయిములు తిరగ్గొట్టే ఉద్యోగం చేస్తాడు. ఆఫీసంతా స్మార్ట్ కళ్లజోడులోనే. పొద్దున పెట్టుకుంటే భోజనానికీ బాత్రూముకీ తప్ప తీయడు. భార్య పక్క గదిలో ఉందో లేదో ఆయనకు తెలిసేది గోడవతల చప్పుడు వల్ల కాదు, కళ్లజోడు మూల వెలిగే పచ్చ చుక్క వల్ల. చుక్క గుమ్మం దాటితే ఫోను చేసేవాడు. "ఎక్కడికి?" అనేవాడు. మరో మాట ఉండేది కాదు.

ఆ నెల హిమబిందుకు మాత్రం ఒక పెద్ద మాట ఉంది. పెళ్లికి ముందు ఆమె ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. ఇప్పుడు హార్బర్లో క్రేన్లన్నీ కంట్రోల్ రూము నుంచి నడుపుతున్నారు. ఆపరేటర్ల కోసం ఆడవాళ్లకు ఒక బ్యాచి పెట్టారు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా, మూడు నెలల ట్రైనింగు. వయసు నలభై ఎనిమిది దాటకూడదు. ఆమెకు సీటొచ్చింది. వచ్చే నెల ఒకటో తారీకున చేరాలి. ఈసారి తప్పితే మళ్లీ లేదు.

చెప్పినప్పుడు నందకిశోర్ కళ్లజోడు కాస్త పైకెత్తాడు. అంటే విషయం తీవ్రమైనదన్న మాట.

"ఈ వయసులో క్రేన్లు ఎక్కుతావా?"

"ఎక్కక్కర్లేదండీ. గదిలో కూర్చుని నడపడమే."

"ఇప్పుడు మాత్రం ఇంట్లో కూర్చోడం లేదా?"

ఆమె కూర్చోగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు, పైకప్పు యాంటెన్నాతో సహా.

కొత్తిమీర సంగతి జరిగాక ఆయనకు కొత్త బలం వచ్చింది. "చూశావా? నువ్వు కదిల్తే నేను ఉద్యోగంలోంచి మాయమైపోతున్నాను. అలాంటిది రోజూ మూడు గంటలా? క్రేనూ లేదు గీనూ లేదు. గుమ్మం దాటకు" అన్నాడు. అంతవరకూ ఆయన మొండితనంగా ఉన్నది ఆ రోజు నుంచి ఫిజిక్స్ అయింది.

మాయమైపోతున్నది ఆయనొక్కడే కాదు. వాళ్లుండే సాగరతీరం టవర్స్‌లో ఆ వారమంతా అదే గోల. భార్య గుడికెళ్తే ఒకాయన గదిలో తాళం పడిపోయి చెమటలు కక్కాడు. ఇంకొకాయన ప్రమోషన్ ఇంటర్వ్యూలో నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆరిపోయాడు. అసోసియేషన్ ప్రెసిడెంటు ఫణిభూషణ్ కంపెనీకి కబురు పెడితే, వాళ్ల రేడియో ల్యాబు నుంచి డాక్టర్ నస్రీన్ వచ్చింది. కమ్యూనిటీ హాల్లో కుర్చీలన్నీ మగవాళ్లతో నిండిపోయాయి. ఆడవాళ్లు వెనక నిలబడ్డారు.

"మా నెట్‌వర్క్ మనుషుల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నది విదేశీ ఇళ్లలో" అంది నస్రీన్. "అక్కడ ఊపిరి తీస్తే ఛాతీ కదిలేది కూడా పట్టుకునేది. ఇక్కడ ప్రతి గదిలో సీలింగ్ ఫ్యాను. కర్టెన్లూగుతాయి, క్యాలెండర్లూగుతాయి. మనిషి ఊపిరికీ క్యాలెండరుకీ తేడా తెలియక దానికి పిచ్చెక్కింది. అందుకని ఈ వారం నుంచి చిన్న కదలికలన్నీ వదిలేయమన్నాం. పెద్ద కదలికలే లెక్క."

"అంటే?"

"గంటకు పైగా కదలనిదాన్ని అది ఫర్నిచర్ కింద వేసుకుంటోంది."

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ముందువరస మొత్తం వెనక్కి తిరిగి చూసింది. నవ్వినవాళ్లు దొరకలేదు, అందరూ కొంగులు సర్దుకుంటున్నారు.

"అంటే మేం సోఫాలమా?" అన్నాడు ఫణిభూషణ్.

నస్రీన్ ట్యాబులో చూసింది. "మీ ఫ్లాటులో మీరు రిక్లైనర్ సార్. భోజనానికి లేచినప్పుడు కాసేపు మనిషవుతున్నారు."

"ఇది పరువు నష్టం!"

"కంగారు పడకండి, మందు చిన్నదే. గంటకోసారి లేచి, తాగిన గ్లాసు వంటింట్లో పెట్టి రండి. ఆ నాలుగడుగులు చాలు. తాళం పడదు, బ్యాండు పోదు."

హాల్లో గాలి బిగుసుకుంది.

"మీటింగులో ఉన్నవాణ్ణి గ్లాసు కడగమంటారా?" అన్నాడు నందకిశోర్.

"కడగమనలేదండీ. పెట్టి రమ్మన్నాను."

"ఇవాళ పెట్టమంటారు, రేపు కడగమంటారు."

"అదే కదా!" అన్నారు ఇద్దరు ముగ్గురు. ప్రమాదం ఎంత దగ్గరికొచ్చిందో అందరికీ అర్థమైంది.

ఫణిభూషణ్ లేచి నిలబడ్డాడు. ఆ పూట ఆయన మనిషిగా నమోదవడానికి అది సరిపోయేది, కానీ హాల్లో యాంటెన్నా లేదు. "మేడమ్, మీరు సైంటిస్టు. ఒక్క సంగతి చెప్పండి. మెషినుకు తగ్గట్టు మనిషి మారాలా, మనిషికి తగ్గట్టు మెషిను మారాలా?"

చప్పట్లు మోగిపోయాయి. ఈ వాక్యాన్ని మానవజాతి కొన్ని గొప్ప పోరాటాల్లో వాడింది. గ్లాసు తీయకుండా ఉండడం కోసం వాడడం మాత్రం ఇదే మొదలు.

అక్కడికక్కడే తీర్మానం రాశారు: కదలకుండా కూర్చున్న వ్యక్తినే మనిషికి ప్రమాణంగా తీసుకోవాలి, దానికి మా ఇళ్లలోనే కొత్త శాంపిళ్లు సేకరించాలి. చేతులెత్తమన్నారు. కుర్చీల్లో ఉన్న చేతులు లెక్కపెట్టి ఏకగ్రీవం అన్నారు. కంపెనీకి ఇదంతా ఒక రకంగా నచ్చింది. గ్లాసు తీయని కస్టమర్ల దేశం పెద్దది. వాళ్లకు పనికొచ్చే లెక్క ఒకసారి తయారైతే ఎక్కడైనా అమ్మొచ్చు.

ఆదివారం పొద్దున నస్రీన్ శాంపిల్ తీసే పరికరంతో హిమబిందు ఇంటికి వచ్చింది. నందకిశోర్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లి ఫొటోకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. పరికరం ఆయన ఊపిరిని, ఆవులింతను, గోక్కోవడాన్ని రాసుకుంటోంది. హిమబిందు మంచినీళ్లు తెచ్చింది. కాఫీ తెచ్చింది. గ్లాసులు తీసుకెళ్లింది. జంతికలు తెచ్చింది.

"ఆవిణ్ణి కూడా ఒక పది నిమిషాలు కూర్చోమనండి. ఇంట్లో మనుషులందరి శాంపిలూ కావాలి" అంది నస్రీన్.

"ఆవిడెందుకండీ? కనెక్షన్ నా పేరు మీదే ఉంది."

"కనెక్షన్‌కీ దీనికీ సంబంధం లేదు సార్."

"ఆవిడకి కూర్చునే అలవాటు లేదండీ" అన్నాడాయన, భార్యను మెచ్చుకుంటున్నాననుకుని.

నస్రీన్ తన కప్పు తనే పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. హిమబిందు గాభరాగా అందుకోబోయింది.

"పర్వాలేదండీ, చేతులున్నాయి. ఈ బ్లాకంతా తిరిగాను. ఒక్క ఇంట్లో కూడా ఆడవాళ్లు కూర్చోలేదు. కూర్చోమంటే పకోడీలు తెస్తున్నారు."

"పెద్ద మనుషులు వస్తే అంతే కదా మేడమ్, మగవాళ్లు కూర్చుంటారు, మేం తిరుగుతాం. కూర్చోకపోతే ఏమవుతుంది?"

నస్రీన్ గొంతు తగ్గించింది. "కొత్త లెక్కలో కూర్చున్నది మనిషి. ఒకే దారిలో, ఒకే వేళకి, మళ్లీ మళ్లీ తిరిగేది మెషిను. మిక్సీ, వాషింగ్ మెషిను, ఇల్లూడ్చే రోబో, ఆ గుంపులో మిమ్మల్నీ కలిపేస్తుంది. ఒక్కసారి శాంపిల్ ఇచ్చారంటే ఆ తప్పు జరగదు. పై అధికారులకి చెప్పాను. వాళ్లు కూడా ఆ టైముకి కూర్చునే ఉన్నారు."

హిమబిందు పొయ్యి మంట తగ్గించింది.

"మెషినైతే ఇంటిచూపులో చుక్క పడదా?"

"పడదు. చుక్క మనుషులకే."

"గుమ్మం దాటి వెళ్లినా?"

"లేని చుక్క గుమ్మం ఎలా దాటుతుంది?"

"ఆయనకి తాళం పడదా?"

"ఆయన మనిషిగా ఉంటారు. ఇంక ఎవరున్నా లేకపోయినా ఇల్లు నడుస్తుంది. మీకే నష్టం. గుమ్మం దాటాక మీ ఫోనుకి కొత్త బ్యాండు రాదు. పాత బ్యాండుతో సరిపెట్టుకోవాలి, స్పీడుండదు."

"పాత బ్యాండు హార్బరు దాకా వస్తుందా?"

"హార్బరు దాటి సముద్రంలోకి కూడా పోతుంది."

ట్రైనింగు మొదలవడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. హిమబిందు చేతులు తుడుచుకుంది. "నాకు పనుంది మేడమ్. శాంపిల్ వద్దులెండి."

నస్రీన్ ఆమెను కాసేపు పరకాయించి చూసింది. "మీకు తెలిసే అంటున్నారా? మనుషుల లెక్కలోంచి పోతారు."

"ఇన్నాళ్లూ ఆ లెక్కలో ఉండి నేను బావుకున్నదేమిటి మేడమ్? ఎక్కడికి అని అడిగించుకోవడమే కదా."

"శాంపిల్ ఎందుకు తీయలేదో నేను రాయాలి. నిరాకరించారని రాయనా?"

"పనిలో ఉన్నారని రాయండి. అబద్ధం కాదు."

ఆ తర్వాత అరగంట హిమబిందు పొయ్యి నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి సింకుకి, సింకు నుంచి బాల్కనీకి తిరుగుతూనే ఉంది. ఒకే దారి, ఒకే నడక. అరిగించుకోలేనన్ని జంతికలు నందకిశోర్ ముందు చేరాయి. ఇవాళ ఇంత మర్యాదేమిటా అని ఆయన పొంగిపోయాడు.

వారం తిరక్కముందే కొత్త లెక్క నెట్‌వర్క్‌లోకి ఎక్కింది. ఇంటిచూపు తెరిస్తే ఒకే ఒక్క పచ్చ చుక్క, కుర్చీ మధ్యలో, కదలకుండా. మనుషులు: ఒకరు. నందకిశోర్ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అసోసియేషన్ గ్రూపులో పెట్టాడు. అందరూ తమ తమ చుక్కలు పెట్టుకున్నారు. రెండో చుక్క ఏమైందని ఒక్కడూ అడగలేదు. విజయోత్సవానికి హాల్లో విందు చేశారు. వండిందెవరో రాస్తే కాగితం దండగ.

కంపెనీ ఆ లెక్కనే నగరమంతా పరిచింది. విశాఖలో ఇంటికి సగటున ఒక్క మనిషే ఉంటున్నాడని తేలింది. దాన్ని పట్టుకుని ఒక పత్రిక, నగరాల్లో పురుషుల ఒంటరితనం గురించి గుండెలు కరిగే వ్యాసం వేసింది.

ఒకటో తారీకున హిమబిందు ఫ్లాస్కులో టీ పోసి కుర్చీ పక్కన పెట్టింది. "ఏవండీ, హార్బరుకి వెళ్తున్నాను, ట్రైనింగుకి. ఐదున్నరకి వస్తాను" అంది.

"ఊఁ" అన్నాడు కళ్లజోడులోంచి.

ఆమె గుమ్మం దాటింది. ఫోను మోగలేదు. లైట్లు ఆరలేదు. గోడ మీది స్క్రీన్ మనుషులు ఒకరు అనే చెప్తోంది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే, ఆ ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు కాసేపు తెలియలేదు.

పది రోజులకు నందకిశోర్‌కి కళ్లజోడులో ఒక సందేశం వచ్చింది. మీ ఇంట్లో ఒక గృహోపకరణం మధ్యాహ్నం వేళ పనిచేయడం లేదు, సర్వీసు కావాలా? కావాలని నొక్కాడు. మెకానిక్ వచ్చి వాషింగ్ మెషిను విప్పి చూసి, బాగానే ఉందని పోయాడు. మర్నాడు మళ్లీ అదే సందేశం. మిక్సీ మార్చాడు. మళ్లీ వచ్చింది. చివరికి వాషింగ్ మెషినే కొత్తది తెప్పించాడు.

"పాతది బాగానే ఉంది కదండీ" అంది హిమబిందు.

"నీకేం తెలుసు? నెట్‌వర్క్ చెప్తోంది."

మూడు నెలలు అలా గడిచాయి. పరీక్ష పాసయింది. ఉద్యోగం ఇచ్చారు, క్వార్టర్సులో ఒక గది ఇచ్చారు. ఆ పొద్దున పెట్టె సర్దుకుని కుర్చీ ముందు నిలబడింది.

"ఏవండీ, నాకు ఉద్యోగం వచ్చింది. గది కూడా ఇచ్చారు. నేనింక అక్కడే ఉంటాను."

"ఊఁ."

"వినబడిందా? నేను వెళ్లిపోతున్నాను."

"ఊఁ ఊఁ, కానీ. మీటింగులో ఉన్నాను."

చెప్పాపెట్టకుండా పోయిందని ఆయన తర్వాత ఊరందరికీ చెప్పుకున్నాడు. రెండుసార్లు చెప్పి వెళ్లింది.

సాయంత్రానికి సందేశం మారింది. ఒక గృహోపకరణం పూర్తిగా ఆగిపోయింది. ఆయన టీ కోసం చెయ్యి చాపాడు. చేతికి ఏమీ తగల్లేదు. "బిందూ!" అని అరిచాడు. ఇంటిచూపు చూశాడు. మనుషులు ఒకరు, అంతా మామూలే. భయపడడానికి ఏమీ కనబడలేదు. ఆకలికి తట్టుకోలేక మర్నాడు నస్రీన్‌కు ఫోను చేశాడు.

"మేడమ్, మిక్సీ మార్చాను, వాషింగ్ మెషిను మార్చాను. ఇంకా ఏదో ఆగిందనే అంటోంది. అసలు ఏ మెషినో మీ రికార్డులో చూసి చెప్పండి."

"చూస్తున్నాను సార్. ఇది తెల్లారకముందే మొదలవుతుంది. పొయ్యి దగ్గర్నుంచి మీ కుర్చీకి, కుర్చీ నుంచి సింకుకి తిరుగుతూనే ఉంటుంది. మీరు పడుకున్నాక ఆగుతుంది. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు."

నందకిశోర్ కళ్లజోడు పూర్తిగా తీసేశాడు.

"అది మా ఆవిడండీ."

"మీ ఇంట్లో మనిషి ఒక్కరే సార్. మీ అసోసియేషన్ తీర్మానం ప్రకారమే."

"ఆ సంగతి తర్వాత. ముందు ఆవిడ ఎక్కడుందో చెప్పండి. మీ నెట్‌వర్క్‌కి అన్నీ తెలుసు కదా!"

"మనుషులైతే చుక్క ఉంటుంది. మెషిన్లకి ఆ ఏర్పాటు లేదు."

"అయితే మళ్లీ శాంపిల్ తీయండి!" నందకిశోర్ గొంతు పెరిగింది. "ఈసారి ఆవిణ్ణి కూడా మనిషి కిందే రాసుకోండి. నేను ఒప్పుకుంటున్నాను."

"తీస్తాను సార్, అభ్యంతరం లేదు" అంది నస్రీన్. "దానికి ఆవిడ మీ ఇంట్లో పది నిమిషాలు కూర్చోవాలి."

హిమబిందు ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు. అరవై ఏళ్లు నిండేదాకా హార్బర్లో క్రేను నడిపింది.